హయమ్స్ బీచ్‌లో మూడు రాత్రులు: ఇల్లు వెతకడం నుంచి తాళం తిరిగి పెట్టేదాకా

మేం మొదటిసారి హయమ్స్ బీచ్‌కి వెళ్లింది ఒక జనవరి శనివారం. పులిహోర కలుపుకుని, పిల్లల్ని నిద్రలోనే కార్లో వేసుకుని, సిడ్నీ నుంచి మూడు గంటలు నడిపాం. తీరా ఊరి మొదట్లో నారింజ రంగు కోటు వేసుకున్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల పార్కింగ్ నిండిపోయింది, బండి వెనక్కి తిప్పండి అన్నాడు. బతిమాలితే నవ్వాడు కానీ వదల్లేదు. ఆ పులిహోర రోడ్డు పక్కన కార్లోనే కూర్చుని తిన్నాం.

తప్పు ఆయనది కాదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం దక్షిణ తీరంలో జెర్విస్ బే అనే అఖాతం ఒడ్డున ఉన్న చిన్న పల్లె ఇది. కొన్ని వీధులు, వాటి నిండా సెలవుల ఇళ్లు, ఒక కెఫే. పెట్రోల్ బంకు లేదు, సూపర్ మార్కెట్ లేదు. ఊళ్లోకి రావడానికీ పోవడానికీ ఒకటే రోడ్డు. తెల్ల ఇసక ఫొటోలు ప్రపంచమంతా తిరిగాక వేసవి సెలవుల్లో ఆ రోడ్డు మీద పడే కార్లకి ఊరు సరిపోదు. పొద్దున వచ్చి సాయంత్రం పోదామనుకునేవాళ్లకి అదృష్టం ఉండాలి. ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లకి మాత్రం బండి పెట్టుకునే చోటు ఇంటి ముందే ఉంటుంది. కాబట్టి నా దృష్టిలో ఈ ప్రయాణానికి అసలు పని సముద్రం దగ్గర కాదు, ఇల్లు కుదుర్చుకునే దగ్గరే మొదలవుతుంది.

తర్వాత చాలాసార్లు వెళ్లాం. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తయ్యా మామయ్యో వచ్చినప్పుడల్లా వెళ్తూనే ఉన్నాం. చేసిన తప్పులతో సహా వరసగా చెప్తాను.

1. ముందు తేదీ, తర్వాతే ఇల్లు

మనవాళ్లు చాలామంది ఇల్లు చూసి నచ్చాక తేదీలు వెతుకుతారు. తిరగేసి చెయ్యండి. ఇక్కడ ధరని నిర్ణయించేది ఇంటి కన్నా క్యాలెండర్.

డిసెంబరు మూడోవారం నుంచి జనవరి చివరిదాకా స్కూళ్లకి వేసవి సెలవులు. ఆ రోజుల్లో చాలా ఇళ్లు వారం రోజులకి తక్కువ ఇవ్వరు. పైగా పోయినేడు వచ్చినవాళ్లే వెళ్లేటప్పుడు మళ్లీ ఏడాదికి రాసుకుని పోతారు. ఈస్టర్, జనవరి 26న ఆస్ట్రేలియా డే, జూన్‌లో రాజుగారి పుట్టినరోజు సెలవు, అక్టోబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే, ఇవన్నీ లాంగ్ వీకెండ్‌లు. అప్పుడు కనీసం మూడు రాత్రులు తీసుకోమంటారు, రేటూ ఎక్కువే. సిడ్నీ వాళ్లే కాదు, రాజధాని కాన్‌బెర్రా వాళ్లు కూడా ఈ తీరానికి వస్తారు. అందుకని వాళ్ల సెలవుల పట్టిక కూడా ఒకసారి చూసుకోండి.

నన్నడిగితే రెండే మంచి కాలాలు. ఒకటి ఫిబ్రవరి రెండోవారం నుంచి మార్చి చివరిదాకా. పిల్లలు బడికెళ్లిపోయి ఊరు ఖాళీ అవుతుంది, నీళ్లు మాత్రం ఇంకా వెచ్చగా ఉంటాయి. ఇక్కడ సముద్రానికి గాలి కన్నా ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారే అలవాటు. నవంబరులో ఎండ మాడుస్తున్నా నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. మార్చిలో అలా ఉండదు. రెండోది సెప్టెంబరు, అక్టోబరు. ఈతకి చలే కానీ హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని అంటార్కిటికా వైపు తిరిగి వెళ్లే కాలం అది, ఈ అఖాతంలోకి వచ్చి కాసేపు సేదదీరుతుంటాయి. పెద్దవాళ్లతో వెళ్తే నేను దీనికే ఓటేస్తాను. మామయ్య నీళ్లలో దిగేది ఎటూ లేదు, ఒడ్డున కుర్చీ వేసుకుని చూడటానికి ఏదో ఒకటి ఉంటే చాలు.

రోజుల విషయానికొస్తే, సెలవు పెట్టగలిగితే ఆదివారం వెళ్లి బుధవారం రండి. వారం మధ్యలో రేటు తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నం జనమంతా సిడ్నీ వైపు తిరిగొస్తుంటే మీరు ఖాళీ రోడ్డు మీద ఎదురు వెళ్తుంటారు.

2. ఎవరెవరు వస్తున్నారో కాగితం మీద రాయండి

"రెండు ఫ్యామిలీలు, నాలుగు బెడ్‌రూములు" అని అనుకుంటే సరిపోదు. ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన వాళ్లకి ఏం కావాలో రాయండి. మా అత్తయ్యకి మోకాళ్లు. మామయ్య రాత్రి రెండుసార్లు లేస్తారు. మరిదిగారి చిన్నదానికి పదకొండు నెలలు. ఈ మూడు వాక్యాలతోనే సగం ఇళ్లు జాబితాలోంచి ఎగిరిపోతాయి.

ఎందుకంటే ఇక్కడి ఇళ్లు చాలావరకు వాలు నేల మీద కట్టినవి. సముద్రం కనపడాలని వంటిల్లు, హాలు మేడమీద పెట్టి బెడ్‌రూములు కింద పెడతారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి కాఫీకి ఒకసారి, టిఫిన్‌కి ఒకసారి, అన్నానికి ఒకసారి ఆ మెట్లెక్కాలి. ప్రకటనలో "ఓషన్ వ్యూస్" అని గొప్పగా రాసుంటే మెట్లున్నాయని అర్థం చేసుకోవడం నేర్చుకున్నాను. కింది అంతస్తులో ఒక పడకగది, దానికి ఆనుకుని టాయిలెట్, అదే అంతస్తులో వంటిల్లు, ఇవి ఉంటే సముద్రం కనపడకపోయినా తీసుకోండి. ఊరే అంతుంటుంది, ఏ ఇంటి నుంచైనా నాలుగడుగులు నడిస్తే నీళ్లు.

ఫొటోల్లో మంచాలు లెక్కపెట్టండి, రాసినదాన్ని నమ్మకండి. "పదిమందికి సరిపోతుంది" అన్నదాంట్లో ఇద్దరు హాల్లో సోఫా బెడ్ మీద, నలుగురు పిల్లల బంకు మంచాల మీద ఉంటారు. బంకు మంచం మీదకి మామయ్యని ఎక్కించలేం కదా.

హయమ్స్‌లో దొరక్కపోయినా, బడ్జెట్ దాటిపోయినా, పక్కనే విన్సెన్షియా, ఇంకాస్త ఉత్తరంగా హస్కిసన్ ఉన్నాయి. విన్సెన్షియాలో సూపర్ మార్కెట్లున్నాయి, ఇళ్లు కూడా మామూలు కాపురాల ఇళ్లలా ఉంటాయి. హస్కిసన్‌లో హోటళ్లు, డాల్ఫిన్ పడవలు. విన్సెన్షియా వైపు నుంచి గ్రీన్‌ఫీల్డ్, చైనామన్స్ బీచ్‌ల మీదుగా హయమ్స్‌కి అడవిలోంచి కాలిబాట ఉంది, కాబట్టి అక్కడ దిగినా నష్టం లేదు. పిల్లలు టీనేజ్‌లో ఉంటే హస్కిసన్ తీసుకోండి. హయమ్స్‌లో రాత్రి ఏడు తర్వాత చుక్కలు తప్ప చూడ్డానికేం ఉండదు, రెండోరోజుకే వాళ్ల మొహాలు మాడిపోతాయి.

3. రేటు చదవడం

మొదట కనపడే అంకె రాత్రి అద్దె మాత్రమే. అసలు అంకె చివరి పేజీలో ఉంటుంది. ఊరికే లెక్క కోసం, రాత్రికి 450 డాలర్లనుకోండి. మూడు రాత్రులకి 1,350. శుభ్రం చేసినందుకు 250. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెకి మంచానికి 30 చొప్పున నాలుగు మంచాలకి 120. బుకింగ్ సైటు వాళ్ల ఫీజు 180. మొత్తం 1,900, అంటే రాత్రికి 633 పడింది. ఎనిమిదిమంది పెద్దలు పంచుకుంటే మనిషికి రాత్రికి 80 లోపే. ఈ చివరి అంకెతోనే ఇళ్లని పోల్చుకోండి. ఒక రాత్రి ఉన్నా ఏడు రాత్రులు ఉన్నా శుభ్రం ఖర్చు ఒకటే కాబట్టి ఒక్క రాత్రికి వెళ్లడం శుద్ధ దండగ.

దుప్పట్ల సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి తెలీదు. ఇక్కడ సముద్రం ఊళ్లలో "బీవైఓ లినెన్" అనే పద్ధతి మామూలు. అంటే పరుపు, దిండు, రజాయి ఉంటాయి. పక్క దుప్పటి, దిండు గలీబు, తువ్వాలు మనమే తెచ్చుకోవాలి. ఒకసారి మేం చదవకుండా వెళ్లాం. ఆ రాత్రి అత్తయ్య పట్టుచీర తప్ప మిగతా చీరలన్నీ పరుపుల మీదకెళ్లాయి.

మీరు చూసే ప్రకటనలో పీఐడీ-ఎస్‌టీఆర్‌ఏ అని మొదలయ్యే నంబరు ఉందేమో చూడండి. 2021 నవంబరు నుంచి ఈ రాష్ట్రంలో కొద్దిరోజుల అద్దెకిచ్చే ఇళ్లు ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉండాలి, ఆ నంబరు అదే. అది లేకుండా, "సైటులో వద్దు, నా ఖాతాలో వేస్తే తగ్గిస్తా" అని ఎవరైనా అంటే అక్కడితో వదిలెయ్యండి. ఊళ్లోని రియల్ ఎస్టేట్ ఆఫీసులు కూడా సెలవుల ఇళ్లు చూసుకుంటాయి. వాళ్లకి ఫోన్ చేస్తే సైటులో లేని ఇల్లు దొరికే అవకాశముంది, మెట్ల గురించి అడిగితే ఇంటిని కళ్లారా చూసినవాళ్లు కాబట్టి సరిగ్గా చెప్తారు.

4. డబ్బు కట్టేముందు అడగాల్సినవి

ఒకే మెసేజ్‌లో అన్నీ అడిగెయ్యండి. జవాబు రాతలో ఉంటే తర్వాత గొడవుండదు.

కారు దగ్గర్నుంచి వంటింటిదాకా ఎన్ని మెట్లు? పొయ్యి గ్యాసా, ఇండక్షనా? దుప్పట్లు ఎవరివి? కార్లు ఎన్ని పెట్టుకోవచ్చు? వేసవిలో ఏసీ, చలికాలంలో హీటర్ ఏ ఏ గదుల్లో ఉన్నాయి? (పాత ఫైబ్రో ఇళ్లు, అంటే పల్చటి సిమెంటు రేకు గోడలవి, ఫొటోలో ముచ్చటగా ఉంటాయి. జూలైలో ఆ గోడలు చలిని ఆపవు.) పిల్లల మంచం, హై చెయిర్ ఉన్నాయా? బయట షవర్ ఉందా? బాండ్, అంటే ముందే కట్టించుకునే డిపాజిట్, ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు? రద్దు చేసుకుంటే ఎంత పోతుంది?

ఇండియా నుంచి వచ్చేవాళ్ల వీసా ఇంకా రాకముందే ఇల్లు బుక్ చేస్తున్నారంటే ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. వీసా రాలేదని చెప్తే ఎవరూ డబ్బు వెనక్కివ్వరు. అలాంటప్పుడు రేటు కాస్త ఎక్కువైనా రద్దుకి వీలున్న ఇల్లే తీసుకోండి.

ఎంతమంది వస్తున్నారో నిజం చెప్పండి. ఎనిమిదిమంది అని చెప్పి పన్నెండుమంది దిగడం మనకి చిన్న విషయంలా కనిపిస్తుంది, ఇక్కడ కాదు. పక్కింటివాళ్లు రాత్రి గోలకి ఫిర్యాదు చేస్తే రాష్ట్ర నియమావళి ప్రకారం అది అతిథి మీదకీ వస్తుంది. రెండేళ్లలో అలాంటి తప్పులు రెండు రుజువైతే ఐదేళ్లు ఇలాంటి ఇళ్లు అద్దెకు తీసుకోకుండా నిషేధించవచ్చు. అంతాక్షరి పది గంటలకి ఆపేసి లోపలికి వచ్చేస్తే సరి.

5. వంటిల్లు సర్దడం

ఇంటి భోజనం కోసమే మనం హోటల్ వదిలి ఇల్లు తీసుకుంటాం. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

అక్కడ ఉండేవి ప్లేట్లు, గ్లాసులు, పెద్ద గిన్నెలు, అవెన్, బయట బార్బెక్యూ. లేనివి కుక్కరు, పోపు గరిటె, మంచి చాకు. చాకు ప్రతి ఇంట్లోనూ మొండిదే, ఎందుకో తెలీదు. ఇండక్షన్ పొయ్యి అని చెప్తే ఇంట్లోనే మీ కుక్కరు అడుక్కి ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కరు అయితే అక్కడ అది బరువు తప్ప దేనికీ పనికిరాదు. మేం ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు మోసుకెళ్తాం, అన్నం గొడవ వదిలిపోతుంది.

కరివేపాకు, పచ్చిమిర్చి, కందిపప్పు, చింతపండు, గోంగూర సిడ్నీలో మనవాళ్ల కొట్లుండే హారిస్ పార్క్‌లోనో మీ దగ్గర ఇండియన్ కొట్లోనో కొనుక్కుని ఎస్కీ అనే కూలర్ పెట్టెలో ఐసు వేసి పెట్టుకోండి. పాలు, పెరుగు, ఉల్లిపాయలు, టమాటాలు విన్సెన్షియాలో కొనచ్చు. రొయ్యలు కొనేటప్పుడు "గ్రీన్ ప్రాన్స్" అని అడగండి. గ్రీన్ అంటే ఇక్కడ పచ్చివని. ఎర్రగా నిగనిగలాడేవి ఉడికించినవి, వీళ్లు వాటిని చల్లగా ఒలుచుకుని తింటారు. వాటిని తెచ్చి మళ్లీ ఇగురు పెడితే రబ్బరు నమిలినట్టుంటుంది, మేం నమిలాం.

ఇప్పుడు పోపు. ఒక సాయంత్రం అత్తయ్య పప్పులోకి ఎండుమిర్చి వేయించారు. నూనె కాస్త ఎక్కువ కాగింది. పైనున్న స్మోక్ అలారం కూత మొదలుపెట్టింది, దాని వెనకే కింది గదిలోది, దాని వెనకే ఇంకోటి. పసిది గుక్కపట్టి ఏడుపు, మామయ్య చెప్పుల్లేకుండా బయటికి పరుగు. మా ఆయన తువ్వాలుతో అలారానికి విసురుతుంటే అత్తయ్య చేతిలో గరిటెతో అలాగే నిలబడి, "మిరపకాయలు వేగితే సైరన్ మోగించే దేశం ఇదేనమ్మా" అన్నారు. అలారం ఆపేద్దామని బ్యాటరీ తియ్యకండి, చట్టరీత్యా తప్పు, ప్రాణానికీ మంచిది కాదు. పొయ్యి పైన రేంజ్ హుడ్ ముందే ఆన్ చేసి, కిటికీ తలుపులు తీసి, అప్పుడు నూనె పెట్టండి. ఘాటు పనులు బయట బార్బెక్యూ పక్కన ఉన్న చిన్న పొయ్యి మీద చేసుకుంటే ఇంకా హాయి. మంటలకి అసలే వీల్లేదన్న నిషేధం ఉన్న రోజుల్లో మాత్రం బయట వంట గురించి నిబంధనలు చూసుకోవాలి.

ఇంకోటి పసుపు. తెల్లటి రాతి అరుగు మీద ఆవకాయ సీసా ఒక రాత్రంతా ఉంచాం. పొద్దున ఎత్తితే కింద గుండ్రంగా నారింజ చక్రం. ఎన్ని రకాలుగా రుద్దినా పోలేదు. బాండ్‌లోంచి పట్టుకున్నారు, పట్టుకోవడంలో అన్యాయం కూడా లేదు. అప్పట్నుంచి మా సామాన్లలో పాత పేపర్లు, ఒక స్టీలు పళ్లెం తప్పనిసరి. ఊరగాయలన్నీ ఆ పళ్లెంలోనే కాపురం చేస్తాయి.

చివరగా, మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఒక ప్లాస్టిక్ మగ్గు పట్టుకెళ్లండి. ఇక్కడి బాత్రూముల్లో అది ఉండదు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు నోరు తెరిచి అడగలేరు.

6. దారి

సిడ్నీ నుంచి ప్రిన్సెస్ హైవే మీద దక్షిణంగా దాదాపు 190 కిలోమీటర్లు. ఆదివారం బయల్దేరమనడానికి ఇంకో కారణం హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి. 1985లో ప్రతిష్ఠ జరిగిన ఈ గుడి సరిగ్గా దారిలోనే ఉంటుంది. వారాంతాల్లో క్యాంటీన్ నడుస్తుంది. దర్శనం చేసుకుని, దోసె తిని, పదకొండుకల్లా కదిలితే ఇంటి తాళం ఇచ్చే వేళకి, అంటే రెండు మూడు గంటలకి, తొందర లేకుండా చేరతారు. మధ్యలో కయామాలో రాళ్ల సందులోంచి సముద్రం పైకి చిమ్మే బ్లోహోల్ ఉంది. అలల దిశ కలిసొస్తేనే ఆ వేడుక, లేకపోతే బండల్లో ఒక కన్నం. బెర్రీలో డోనట్ బండి దగ్గర పెద్ద క్యూ ఉంటే పిల్లల్ని అటు చూడనివ్వకండి. పెట్రోలు నౌరాలోనే నింపుకోండి.

ఏడేళ్ల లోపు పిల్లలకి కారు సీటు తప్పనిసరి. అద్దెకి ఏడు సీట్ల బండి తీసుకుంటే మూడో వరస వేశాక డిక్కీ మాయమవుతుందని గుర్తుంచుకోండి. రైస్ కుక్కరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మామయ్యని చూశాక చెప్తున్న మాట ఇది. చీకటిపడే వేళకి ముందే చేరండి. నౌరా దాటాక రోడ్డు రెండువైపులా అడవి, కంగారూలు సరిగ్గా ఆ సంధ్యవేళే రోడ్డెక్కుతాయి. చలికాలంలో అయిదింటికే పొద్దుగూకుతుంది.

కారు లేనివాళ్లకి రైలు బొమడెరీదాకా ఉంది, కయామాలో మారాలి. అక్కడి నుంచి బస్సులు తక్కువ. పెద్దవాళ్లతో అయితే ఆ ఆలోచనే వద్దు.

7. తలుపు తీసిన మొదటి పది నిమిషాలు

తాళం గోడకున్న చిన్న పెట్టెలో ఉంటుంది, కోడ్ మెసేజ్‌లో వస్తుంది. అడవి మధ్య సిగ్నల్ పోతుంది కాబట్టి కోడ్, ఇంటి నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లోపలికి వెళ్లగానే సామాను దించకముందే ఒకరు ఫోన్ పట్టుకుని గదులన్నీ వీడియో తియ్యండి. గీతలు, మరకలు, విరిగిన కుర్చీ ఏదైనా ఉంటే అప్పుడే యజమానికి పంపండి. తర్వాత ఫ్రిజ్ మీదో బల్ల మీదో ఉన్న ఇంటి నియమాల కాగితం చదవండి. చెత్తడబ్బాలు ఏ రోజు రోడ్డు మీద పెట్టాలో అందులో ఉంటుంది.

ఎండాకాలమైతే "హజార్డ్స్ నియర్ మీ" యాప్ వేసుకుని కార్చిచ్చు హెచ్చరికల నోటిఫికేషన్లు ఆన్ చెయ్యండి. 2019-20 కార్చిచ్చుల్లో ఈ దక్షిణ తీరం ఎంత కాలిందో ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. ఒకటే రోడ్డున్న ఊళ్లో బయటపడాలంటే అందరికన్నా ముందే కదలాలి.

8. నీళ్లలో దిగేముందు

ఇసక దగ్గరికి వచ్చేశాం. మెత్తటి స్ఫటిక రేణువులు, అడుగు వేస్తే కిచకిచమంటాయి. చెప్పుల్లేకుండా దిగిన అత్తయ్య ఒక గుప్పెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఇసకేంటే ఇది, ముగ్గుపిండి" అన్నారు. బాపట్ల దగ్గర సూర్యలంక ఇసకలో ఆడుకున్న మనిషి. తర్వాత వంగలేక వంగి, తడి ఇసక మీద ఆ పొడి ఇసకనే వేళ్ల సందుల్లోంచి జార్చి నాలుగు చుక్కలు పెట్టి గీతలు కలిపారు. నడుస్తూ పోతున్న ఒక ముసలి జంట ఆగి చూశారు. అల వచ్చేదాకా ముగ్గు ఉంది.

ప్రపంచంలోకెల్లా తెల్లని ఇసక అని గిన్నిస్ రికార్డు ఉందని చెప్తుంటారు, అలాంటి రికార్డు లేదు. లేకపోతే ఏం, కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. కూలింగ్ గ్లాసెస్ స్టైల్ కోసం కాదు.

హయమ్స్ అఖాతం లోపలుంది కాబట్టి అలలు చిన్నవి. అయినా ఇక్కడ లైఫ్‌గార్డులు లేరు, కాపలా ఉన్న చోటుని చూపించే ఎర్ర పసుపు జెండాలు లేవు. ఆస్ట్రేలియా నీళ్లలో మునిగిపోయిన మనవాళ్ల వార్తలు వాట్సాప్‌లో చూస్తూనే ఉన్నాం. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు. పిల్లల్ని చూసే పని "అందరం చూస్తున్నాం" అని వదిలేయకుండా అరగంటకొకరికి పేరు పెట్టి అప్పగించండి, వాళ్లు ఫోన్ పక్కన పెట్టాలి. చుడీదార్లు, చున్నీలు, జీన్స్ తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. లెగ్గింగ్స్, ఈతకి వేసుకునే పొడుగు చేతుల చొక్కాలు చవగ్గానే దొరుకుతాయి.

పెద్ద సముద్రం వైపు బీచ్‌లకి వెళ్తే రిప్ ప్రవాహాల సంగతి తెలిసుండాలి. రెండువైపులా అలలు విరుగుతుంటే మధ్యలో ప్రశాంతంగా, ముదురు రంగులో ఒక చోటు కనపడుతుంది. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు, అది లోపలికి లాక్కుపోయే దారి. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదొద్దు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఎమర్జెన్సీ నంబరు 000.

వేసవిలో కొన్ని రోజులు నీలంగా బుడగల్లాంటి బ్లూబాటిల్స్, అంటే కుట్టే జెల్లీచేపల్లాంటివి, కొట్టుకొస్తాయి. ఒడ్డున చచ్చిపడున్నా ముట్టుకోవద్దు. కుడితే సముద్రపు నీళ్లతో కడిగి తీగలు తీసేసి, ఇంటికొచ్చి ఒంటికి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. పసుపులూ నిమ్మకాయలూ రాయకండి. సన్‌స్క్రీన్ "మనది నల్ల తోలు, మనకెందుకు" అనే మామయ్యలకి కూడా రాయండి, ఎస్‌పీఎఫ్ 50 ప్లస్, రెండు గంటలకోసారి. పొదల్లోంచి నడిచొచ్చాక చెవుల వెనక, జుట్టు మొదట్లో టిక్స్, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు, పట్టాయేమో చూసుకోండి.

9. రెండోరోజు బూడరీకి

ఊరికి దక్షిణాన బూడరీ నేషనల్ పార్క్. ఇది న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది కానీ కాదు. లోతట్టున ఉన్న రాజధాని కాన్‌బెర్రాకి ఒక రేవు ఉండాలని 1915లో ఈ ముక్కని కేంద్రానికి ఇచ్చేశారు. రేవు రాలేదు, నేవీ కాలేజీ వచ్చింది. 1995లో ఈ నేల హక్కు రెక్ బే ఆదివాసీ సముదాయానికి తిరిగి దక్కింది, పార్కుని ఇప్పుడు వాళ్లూ ప్రభుత్వమూ కలిసి చూసుకుంటారు. మనకి తెలియాల్సిందేంటంటే రాష్ట్ర పార్కుల వార్షిక పాస్ ఇక్కడ చెల్లదు. వేరే పాస్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. కుక్కల్ని తీసుకెళ్లకూడదు.

పొద్దున్నే మర్రీస్ బీచ్‌కి వెళ్లండి. హయమ్స్ కన్నా నాకు ఇదే నచ్చుతుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎదురుగా పెంగ్విన్లుండే బోవెన్ దీవి. మీరు కారు పెట్టిన చదును నేల మీద 1970 ప్రాంతంలో అణు విద్యుత్ కేంద్రం కట్టబోయారు. నేల చదును చేశాక ఆ ప్రాజెక్టు ఆగిపోయింది, మిగిలింది ఈ పార్కింగే. మధ్యాహ్నం గ్రీన్ ప్యాచ్‌లో తెచ్చుకున్న దద్దోజనం తినండి. చిలకలు భుజాల మీద వాలబోతాయి, కంగారూలు దగ్గరికొస్తాయి. ముద్ద పెట్టాలని పెద్దవాళ్లకి చెయ్యి లేస్తుంది. ఆపండి, వాటికి జబ్బు చేస్తుంది.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే సాయంత్రం కేప్ సెయింట్ జార్జ్ లైట్‌హౌస్ శిథిలాల దగ్గర బైనాక్యులర్స్‌తో గంటసేపు కూర్చోండి. 1860లో కట్టిన ఈ దీపస్తంభాన్ని తప్పు చోట పెట్టారు, ఉత్తరం నుంచొచ్చే ఓడలకి సరిగ్గా కనపడేది కాదు. 1899లో ఎదుటి గట్టు మీద కొత్తది కట్టాక దీన్ని పడగొట్టేశారు. ఓడలకి కుదరని చోటు తిమింగలాలు చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. గట్టు అంచుకి కంచె దాటి వెళ్లొద్దు.

వాన పడితే హస్కిసన్ మ్యూజియంలో లేడీ డెన్మన్ అనే పాత ఫెర్రీ ఉంది, పిల్లలకి గంటన్నర గడుస్తుంది. గాలం వెయ్యాలనుకునే బావగార్లకి ఒక మాట. పెద్దవాళ్లకి రాష్ట్ర ఫిషింగ్ లైసెన్స్ కావాలి. పైగా ఈ అఖాతం మెరైన్ పార్క్, కొన్నిచోట్ల పట్టడమే నిషేధం. మ్యాప్ చూసుకుని కూర్చోండి.

10. ఖాళీ చేసే పొద్దు

చెక్-అవుట్ పదింటికి. పదింటికంటే పదింటికే, శుభ్రం చేసేవాళ్లు కారు దిగుతుంటారు. ముందురోజు రాత్రే సగం సర్దెయ్యండి, పొద్దున టిఫిన్ బ్రెడ్డూ జామూ. ఆ పూట ఇడ్లీ పెట్టుకోవద్దు, ఆ గిన్నెలు కడగటానికే తొమ్మిదిన్నర అవుతుంది. గిన్నెలు డిష్‌వాషర్‌లో వేసి ఆన్ చెయ్యడం, చెత్త మూట కట్టి ఎర్రమూత డబ్బాలో, సీసాలు అట్టపెట్టెలు పసుపు మూత డబ్బాలో వెయ్యడం, బార్బెక్యూ గీకడం, ఇసక ఊడవడం మీ పని. బాత్రూము కాలవలోకి ఇసక తొయ్యకండి, బయట షవర్ ఉన్నది అందుకే. ఫ్రిజ్ తలుపులో మిగిలిన కరివేపాకు, స్నానాలగదిలో మామయ్య కట్టుడుపళ్ల డబ్బా, ప్లగ్గులో ఛార్జర్, ఈ మూడూ మేం మర్చిపోయి వచ్చినవి.

మళ్లీ ఒకసారి వీడియో తీసి, తాళం పెట్టెలో పెట్టి, పెట్టె మీది కోడ్ అంకెలు చెదరగొట్టండి. ఇల్లు నచ్చిందా, కారు ఎక్కకముందే యజమానికి మెసేజ్ పెట్టండి: వచ్చే ఏడాది ఇవే తేదీలు ఖాళీయేనా అని. శుభ్రంగా వదిలిన ఇల్లు చూశాక వచ్చే జవాబు సాధారణంగా బాగానే ఉంటుంది. మేమైతే సెప్టెంబరు చివరి వారంలో ఒక మెట్టు కూడా లేని ఆ ఇంటినే మళ్లీ తీసుకున్నాం. ఈసారి దుప్పట్లు వాళ్లవే.